అద్దంలా మెరిసే సిలిండర్

వస్తువు కంటే దాని బొమ్మే గొప్పదని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను. వస్తువు బరువుంటుంది, తుప్పు పడుతుంది, నూనె కారుతుంది. బొమ్మకి ఆ అవలక్షణాలేవీ లేవు. పైగా ఇప్పటి బొమ్మలు మునుపటిలా గోడకి వేలాడుతూ ఊరుకోవడం లేదు. ఇక్కడ యంత్రం తిరుగుతుంటే అదే క్షణంలో తెరమీద దాని బొమ్మా తిరుగుతుంది. దాన్ని రియల్ టైమ్ గ్రాఫిక్స్ అంటారు. ఇంత మేలు చేసే విద్యని అనుమానించేవాళ్ళు ఇంకా ఉన్నారంటే ఏమనుకోవాలి? అలాంటివాళ్ళ కోసమే బొమ్మలమ్మ సంగతి చెబుతున్నాను.

బొమ్మలమ్మ అసలు పేరు వర్క్‌షాపులో ఎవరికీ గుర్తులేదు. కంప్యూటర్ ఆటల్లో కొండలూ వానలూ పేలిపోయే కార్లూ గీసే ఉద్యోగం చేసేది. ఆ కంపెనీ మూతపడ్డాక సొంత మేనమామ నడిపే హోనింగ్ వర్క్‌షాపులో చేరింది. ఇంట్లో ఆయన మావయ్య. గేటు దాటితే సార్. పొరపాటున నోరు జారితే కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసేవాడు.

హోనింగ్ అనగానే కంగారు పడకండి. ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ ఆడే గుండ్రటి రంధ్రాన్ని బోరు అంటారు. సన్నని రాళ్ళు బిగించిన కడ్డీ ఒకటి ఆ బోరులోకి దిగి, గిర్రున తిరుగుతూ, పైకీ కిందకీ ఆడుతూ లోపలి గోడని నున్నగా అరగదీస్తుంది. మరీ నున్నగా కాదు. చాప అల్లికలా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నని గీతలు మిగలాలి. ఆ గీతల్లోనే నూనె నిలుస్తుంది. నూనె నిలిస్తేనే పిస్టన్ పట్టేయకుండా ఆడుతుంది. చిక్కల్లా ఒకటే, ఇదంతా లోపల జరుగుతుంది. నడిపేవాళ్ళు చప్పుడు విని పోల్చుకోవాలి, పనయ్యాక వేలు పెట్టి చూసుకోవాలి.

ఆ చీకటి రంధ్రంలోకి బొమ్మలమ్మ వెలుగు తెచ్చింది. యంత్రానికి సెన్సర్లు తగిలించి, అవి చెప్పింది చెప్పినట్టు తెరమీద బొమ్మ కట్టేలా ప్రోగ్రామ్ రాసింది. రాయి ఎక్కడ గట్టిగా ఒత్తుతోందో, గీత ఎంత లోతుగా పడుతోందో అంతా కళ్ళముందే. మెషిన్ నడిపే ఆపరేటరమ్మ దేన్నీ ఒక పట్టాన మెచ్చుకునే మనిషి కాదు. ఆవిడ కూడా తెర ముందు నిలబడిపోయి, "ఇన్నేళ్ళూ దీంతో కళ్ళు మూసుకుని కాపురం చేసినట్టుందమ్మా" అంది.

మావయ్య మాత్రం చూడగానే మొహం చిట్లించాడు.

"ఏంటమ్మాయీ ఇది? బోరుకి గజ్జి పట్టినట్టుంది."

"అవి గీతలు మావ... సార్. అవి లేకపోతే నూనె..."

"నాకు చెబుతావా? నువ్వు పుట్టకముందు నుంచీ ఈ గీతలు గీయిస్తున్నాను. ఉండాలని నాకు తెలుసు, నీకు తెలుసు. కొనడానికి వచ్చేవాడికి తెలుసా? వాడికి మెరుపు కావాలి. కాస్త పాలిష్ కొట్టు. బొమ్మకే కదా, బోరుకి కాదు కదా."

బొమ్మకే కదా అని బొమ్మలమ్మ కూడా అనుకుంది. మెరుపు పెంచడానికీ తగ్గించడానికీ తెరమీద ఒక మీట పెట్టింది. మావయ్య దాన్ని పైచివరికి తోసి, ఇక ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. గీతలు మాయమయ్యాయి. బోరు అద్దమైపోయింది. మడ్డిగా ఉండే నూనె తేనెలా జాలువారింది.

ఆ రోజుతో వర్క్‌షాపు దశ తిరిగింది. తెర ముందు సోఫా వచ్చింది. సోఫా కింద తివాచీ వచ్చింది. చూడవచ్చినవాళ్ళు తెర పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఒక పెద్దమనిషి బొమ్మలోని బోరు ముందు నిలబడి తల దువ్వుకోబోయాడని కూడా చెప్పుకున్నారు. అసలు మెషిన్ చప్పుడు చేసి బొమ్మ అందాన్ని పాడుచేస్తోందని మధ్యలో చెక్క గోడ కట్టించారు. అతిథులు వచ్చినప్పుడు కాస్త మెల్లగా నడపమని ఆపరేటరమ్మకి చెప్పారు. ఆవిడ కూడా వేలు పెట్టి చూడటం మానేసింది. అంత పెద్ద తెర బాగుందని చెబుతుంటే వేలికి నూనె పూసుకోవడం ఎవరికిష్టం?

ఊరికి నీళ్ళు ఎత్తిపోసే పంపుల ఇంజిన్లు చేసే కంపెనీ నుంచి ఒకరోజు కొనుగోలు మేనేజర్ వచ్చాడు. సోఫాలో కూర్చుని, రెప్ప వేయకుండా చూసి, పెద్ద ఆర్డరు ఇచ్చాడు. ఒక్కటే షరతు పెట్టాడు. సిలిండర్లు అచ్చం తెరమీద ఉన్నట్టే ఉండాలి.

ఆయన కారు గేటు దాటేదాకా నవ్విన మావయ్య, దాటాక కుర్చీలో కూలబడ్డాడు.

"నిజం చెప్పేద్దాం సార్" అంది బొమ్మలమ్మ.

"చెబితే బొమ్మ అబద్ధమని ఒప్పుకున్నట్టే కదా."

"ఒప్పుకుంటే పోయేదేముంది?"

"ఆర్డరు."

మర్నాటి నుంచి మరీ సన్నని రాళ్ళు బిగించి, గీతన్నది మిగలకుండా అరగదీయించారు. ఇంతకాలం వస్తువుని చూసి బొమ్మ నేర్చుకునేది. ఇప్పుడు బొమ్మని చూసి వస్తువు బుద్ధి తెచ్చుకుంది. ఇది నాగరికత కాదంటారా? బొమ్మలమ్మ మాత్రం ఆ సిలిండర్లు లారీ ఎక్కుతుంటే చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. ఆ మీట పెట్టింది తన చెయ్యే మరి.

పంపులు బిగించారు. ప్రారంభోత్సవంలో దండలు వేసుకున్నారు. ఇంజిన్లు కొన్నాళ్ళు బ్రహ్మాండంగా ఆడాయి. ఆ తర్వాత నూనె నిలిచే చోటు లేక ఒకదాని వెనక ఒకటి పట్టేశాయి. సగం ఊరికి నీళ్ళు ఆగిపోయాయి. ఆ సగంలో మావయ్య ఉండే వీధి కూడా ఉంది.

విచారణ కమిటీ వేశారు. కమిటీవాళ్ళు నేరుగా వర్క్‌షాపుకి వచ్చి, నేరుగా సోఫాలో కూర్చున్నారు. మెషిన్ నడుస్తుంటే తెరమీద బోరు తళతళలాడింది. "లోపమేమీ కనిపించడం లేదే" అన్నాడు అధ్యక్షుడు. మిగతావాళ్ళు తలలూపారు. సిలిండర్లలో లోపం లేదు కనక ఇంజిన్లలో లోపం లేదు, ఇంజిన్లలో లోపం లేదు కనక నీళ్ళు వస్తున్నట్టే లెక్క. ఇక మిగిలిందల్లా జనాన్ని నమ్మించడం.

అధ్యక్షుడు బొమ్మలమ్మ వైపు తిరిగాడు. "ఇంత బాగా గీస్తావు కదమ్మా, నీళ్ళు కూడా గీయగలవా? కూడలిలో పెద్ద తెర పెడదాం. పంపులోంచి నీళ్ళు ధారగా పడుతున్నట్టు, రియల్ టైమ్‌లో."

"రియల్ టైమ్‌లో నీళ్ళు రావడం లేదు కదండీ."

"అందుకేగా గీయమంటున్నది."

ఆమె మావయ్య వైపు చూసింది. ఆయన తివాచీ వైపు చూస్తూ, "గీస్తుందండీ" అన్నాడు.

"నేను గీయను మావయ్యా" అంది.

అందరి ముందూ మావయ్యా అనేసరికి ఆయన మొహం కందగడ్డయింది. "అయితే ఇంటికి వెళ్ళు. రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు.

ఆమె తిన్నగా అత్తయ్య దగ్గరికి వెళ్ళింది. అత్తయ్య తలకి నూనె పెట్టుకుని, స్నానానికి నీళ్ళు లేక, ఆ నూనె తలకే తువ్వాలు చుట్టుకుని ట్యాంకరు దగ్గర లైన్లో నిలబడి ఉంది. ఇద్దరూ బకెట్లు మోసుకొచ్చారు. మోస్తూనే బొమ్మలమ్మ జరిగిందంతా చెప్పింది. అత్తయ్య గుమ్మం దగ్గర బకెట్ దించి, "రానీ ఆయన్ని" అంది.

సాయంత్రం మావయ్య వచ్చాడు. మోచేతుల దాకా నల్లటి నూనె. కుళాయి తిప్పాడు. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. అత్తయ్య చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"చేతులు కడుక్కుంటారా?"

"ఆఁ, పొయ్యి."

"చెంబెందుకు? టీవీలో నది వస్తోంది, దాని ముందు చేతులు చాపండి."

ఆయన కసురుకుంటాడని బొమ్మలమ్మ భయపడింది. కసురుకోలేదు. మెట్టు మీద కూర్చుని తన గోళ్ళ వైపే చూసుకున్నాడు.

"కమిటీ వెళ్ళాక, పట్టేసిన ఇంజిన్ ఒకటి తెప్పించి విప్పాను. పట్టేసి కాలిన చోటు వదిలి, బాగున్న చోట గోరు పెట్టి గీశాను. ఎక్కడా ఆగలేదు, జర్రున జారిపోయింది. ఇన్నేళ్ళ పనిలో అట్లాంటి బోరు నా చేతిమీదుగా పోలేదు." బొమ్మలమ్మ వైపు తిరిగి, "అమ్మాయీ, రేపు రా. గేటు లోపల కూడా మావయ్యా అనే పిలువు. తలకాయలు ఊపుతూ సార్ అనేవాళ్ళు చాలామందే ఉన్నారు" అన్నాడు.

అత్తయ్య అప్పుడు ఆయన చేతుల మీద నీళ్ళు పోసింది. పొదుపుగానే పోసింది.

మర్నాడు మావయ్య కమిటీకి వెళ్ళి, తప్పు తమ బోరులదేనని చెప్పాడు. తెరమీద బాగానే ఉంది కదా అని వాళ్ళు కాసేపు నచ్చజెప్పారు కూడా. ఆయన వినలేదు. సిలిండర్లన్నీ వెనక్కి తెప్పించి, మళ్ళీ గీతలు వేయించాడు. బొమ్మలమ్మ ఆ మీట తీసేసింది. ఆపరేటరమ్మ మళ్ళీ వేలికి నూనె పూసుకుంది. ఊరికి నీళ్ళొచ్చాయి. వచ్చినందుకు కమిటీ అధ్యక్షుడికి శాలువా కప్పారు.

ఇంతలో ఇంకో కంపెనీ మనిషి కొనడానికి వచ్చాడు. తెరమీద గీతలు చూసి పెదవి విరిచాడు. మావయ్య ఆయన్ని చెక్క గోడ అవతలికి తీసుకెళ్ళి, "గోరు పెట్టి చూడండి" అన్నాడు. ఆయన పెట్టి చూశాడు.

"చేతికి బాగానే తెలుస్తోందండీ. కానీ ఇది ఫొటోలో పడదు కదా" అని రుమాలుతో వేలు తుడుచుకుని, తెర తప్ప మెషినే లేని మరో వర్క్‌షాపుకి ఆర్డరు ఇచ్చి పోయాడు. ఆ రోజు మావయ్య భోజనం సగంలో లేచిపోయాడు. బొమ్మలమ్మ ఓదార్చడానికి మాటలు వెతుక్కుంటుంటే, "పర్లేదులే, మిగిలిన పని చూద్దాం పద" అన్నాడు.

ఆ మరో వర్క్‌షాపు సిలిండర్లున్న పంపులే ఈసారి మా వీధికి బిగిస్తున్నారట. బొమ్మల మీద నా నమ్మకం చెక్కుచెదరలేదని మనవి. అయినా నిన్న బజారుకెళ్ళి రెండు పెద్ద నీళ్ళ డ్రమ్ములు కొనుక్కొచ్చాను. కూడలిలో తెర పెట్టినప్పుడు బోర్లించి వేసుకుంటే, చూస్తూ కూర్చోవడానికి మంచి ఎత్తుగా ఉంటాయని.