ట్యాంకు దొరకనివాళ్ళ అదృష్టం

స్పేర్ పార్టు దొరకకపోవడం మనిషికి దక్కే గొప్ప వరాల్లో ఒకటి.

నవ్వకండి. మిక్సీ మూత విరిగిన పాపానికి ఊళ్ళో షాపులన్నీ తిరిగి, ఉసూరుమంటూ ఇంటికొచ్చిన రోజు గుర్తొచ్చి మీకు ఒళ్ళు మండుతూ ఉండవచ్చు. మంట చల్లారాక నింపాదిగా ఆలోచించండి. ఆ మూత దొరికి ఉంటే మీరేం చేసేవారు? బిగించి, టీవీ ముందు కూర్చునేవారు. అంతేగా! దానికేనా ఇంత జన్మ ఎత్తింది?

నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక ప్రూఫ్ రీడరు కథ వినండి.

ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు. ఊళ్ళోవాళ్ళు రాసిన వాటిలో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ఎర్ర పెన్ను అరిగేలా ఎన్ని వేల పేజీలు దిద్దాడో గాని, సొంతంగా ఒక్క వాక్యం రాసి ఎరగడు. గోడకి మేకు కొట్టమంటే కాసేపు గోడని తేరిపార చూసి, "ఇక్కడ కాదేమో" అని సుత్తి లోపల పెట్టేసే రకం.

ఆయన భార్య పశువుల డాక్టరు. ఇంట్లో మోటార్‌సైకిలు నడిపేది ఆవిడే. ఆయనకి నడపడం రాదు. మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో ఒద్దికగా కూర్చోవడం మాత్రం బాగా వచ్చు. సెలవురోజుల్లో ఆవిడ ఊరి చివరి పశువుల కొట్టాలకి వెళ్తుంటే తోడు వెళ్ళేవాడు. మామూలు రోజుల్లో ఆవిడ ఒక్కతే వెళ్ళొచ్చి, భోజనాల దగ్గర కథలు చెప్పేది. ఇంజక్షన్ చూసి నిద్ర నటించిన గేదె, స్టెతస్కోపు నమిలేసిన దూడ. ఆవిడ తల్లి కూడా వాళ్ళతోనే ఉంటుంది. ఆ ముసలావిడా, అల్లుడూ అన్నం చల్లారుతున్నా పట్టించుకోకుండా వినేవాళ్ళు.

ఒకరోజు ఆ బండి కింద పెట్రోలు మడుగు కట్టింది. ట్యాంకు లోపలినుంచి తుప్పు పట్టి జల్లెడయింది. అతుకు వేయిస్తే అతుకు పక్కన కారింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ షోరూముకి వెళ్ళారు. టై కట్టుకున్న సేల్స్ మేనేజరు వాళ్ళని చల్లటి గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి మరీ చెప్పాడు.

"ఈ ట్యాంకు తయారీ ఎప్పుడో ఆపేశారు మేడమ్."

"ఇంజను బ్రహ్మాండంగా ఉందండీ. ట్యాంకొక్కటే పోయింది" అంది డాక్టరమ్మ.

"అందుకే కొత్త బండి తీసుకోమంటున్నాను మేడమ్. ట్యాంకు దాంతోపాటే వస్తుంది."

ఎంత ఉదారత చూడండి! చొక్కా గుండీ ఊడిందని వెళ్తే, కొత్త చొక్కా కొనుక్కోండి, గుండీలు ఉచితం అన్నట్టు లేదూ?

ఆ రోజునుంచి డాక్టరమ్మ బస్సెక్కింది. బస్సు వెళ్ళే దారిలో ఆస్పత్రి ఉంది గాని కొట్టాలు లేవు. దూరాల నుంచి ఫోన్లొస్తే వేరే డాక్టర్ల నంబర్లు చెప్పేది. పగలంతా ఆస్పత్రిలో కుర్చీకి అతుక్కుని, ఇంటికొచ్చి మౌనంగా అన్నం తినేది. ముసలావిడ కొన్నాళ్ళు చూసి అల్లుణ్ణి అడిగింది.

"ఏం బాబూ, అమ్మాయితో ఏమైనా అన్నావా?"

"నేనా అత్తయ్యా? నేనెప్పుడు ఏమన్నాను గనక?"

"అదీ నిజమేలే" అంది ముసలావిడ.

ఆ మాట ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది. మరుసటి ఆదివారం ఎవరికీ చెప్పకుండా పాత ట్యాంకు విప్పి వెనక గదిలోకి తెచ్చాడు. ప్రెస్సులో పారేసే ప్రూఫు కాగితాలు దానిమీద ముక్కలు ముక్కలుగా అంటించాడు. ఒంపుల వెంబడి కత్తిరించి, ఊడదీసి నేలమీద పరిచాడు. ట్యాంకు చొక్కా విప్పి ఆరేసినట్టు ఉంది. ఆ కొలతకి అల్యూమినియం రేకు కత్తిరిస్తే సగం పని అయినట్టేనని వీడియోలో ఎవరో చెప్పారు.

ఆ చెప్పినవాడు రెండో సగం గురించి మాట్లాడలేదు.

రేకు బల్లపరుపుగా ఉంటుంది, ట్యాంకు గుమ్మడికాయలా ఉంటుంది. దీన్ని అలా మార్చాలంటే ముందు రేకుని వేడిచేసి మెత్తబరచాలి. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. ఏమీ ఎరగనట్టు తెల్లగా నవ్వుతూ ఉండి, ఉన్నపళాన కారిపోతుంది. ఇలాంటి మనుషులు మీ ఆఫీసులోనూ ఉండే ఉంటారు. అందుకని రేకు మీద బట్టల సబ్బు రుద్ది, వెనకనుంచి మంట చూపిస్తారు. సబ్బు నల్లబడగానే మంట తీసెయ్యాలి. అప్పుడిక రేకు చెప్పిన మాట వింటుంది.

"మన బట్టలకి లేని భోగం ఆ రేకుకి పట్టింది" అంది అత్తగారు, కరిగిపోయిన సబ్బుకేసి చూస్తూ.

తరవాత ఇసుక సంచి మీద రేకు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని కొయ్య సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. జీవితంలో ఎవరికీ సుత్తి కొట్టని మనిషి ఇంటిల్లిపాదికీ, కింది వాటాకీ కలిపి ఒకేసారి బాకీ తీర్చుకున్నాడు. దబదబా ఓ నాలుగు, కాసేపు ఆలోచన, మళ్ళీ ఒకటి.

కింది వాటాలో సంగీతం టీచరు ఉంటుంది. నాలుగో ఆదివారం పైకొచ్చింది. డాక్టరమ్మ క్షమాపణలు సిద్ధం చేసుకుని తలుపు తీసింది.

"కొట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు" అంది టీచరు. "కానీ ఓసారి గట్టిగా, ఓసారి మెల్లిగా, మధ్యలో మానేసి... నా పిల్లలు మీ ఆయన సుత్తిని పట్టుకుని తాళం తప్పుతున్నారు. కాస్త ఒకే వేగంలో కొట్టమనండి, చాలు."

ప్రూఫ్ రీడరు బుద్ధిగా కింది పాటకి తగ్గట్టు కొట్టడం మొదలుపెట్టాడు. చిత్రమేమంటే, దెబ్బలు సమంగా పడేసరికి రేకు మీద గుంటలు తగ్గి, ఒంపు నున్నగా తేలింది! చెప్పండి, ట్యాంకు షోరూములో దొరికి ఉంటే ఆయనకి సంగీతం అబ్బేదా?

అయినా కష్టం తప్పలేదు. ట్యాంకు రెండు సగాల్లో కుడి చెక్క కుదిరింది. ఎడమ చెక్క ఉబ్బింది. రెండూ పక్కపక్కన పెడితే పన్ను నొప్పితో బుగ్గ వాచినవాడి మొహంలా ఉంది. పాతికేళ్ళు పరాయి తప్పుల్ని పట్టిన కన్ను సొంత తప్పుని ఎలా వదులుతుంది? ఆయన ఎర్ర పెన్ను తీసి రేకు మీద తప్పున్న చోటల్లా సున్నాలు చుట్టాడు. చుట్టడం అయ్యేసరికి రేకు కనిపించలేదు. సుత్తి గోడకి ఆనించి లేచాడు.

"పాత ఇనుమువాణ్ణి పిలుస్తాను. ట్యాంకూ, ఇదీ కలిపి ఇచ్చేద్దాం" అన్నాడు భార్యతో.

ఆవిడ ఉబ్బిన చెక్కని ఒళ్ళో పెట్టుకుని, జబ్బు పశువుని తడిమినట్టు తడిమింది. వేళ్ళతో తట్టి చెవి ఆనించింది.

"ఏ ఆవునైనా వెనకనుంచి చూశారా ఎప్పుడైనా?"

"నేనెందుకు చూస్తాను?"

"చూడాల్సింది. కడుపునిండా మేసిన ఆవుకి ఎడమ డొక్కే ఎత్తుగా ఉంటుంది. పెద్ద పొట్ట అటువైపే. రెండువైపులా సమంగా ఉందంటే అది పస్తున్నట్టు లెక్క" అంది. "మీ ట్యాంకు ఆరోగ్యంగానే ఉందండీ. మొన్నోసారి ఒక ఆవు..."

అలా మొదలైన కథ చాలాసేపు సాగింది. ముసలావిడ కూడా కుర్చీ తెచ్చుకుంది. ఆయన ఆ మధ్యాహ్నమంతా రేకుని ముట్టుకోలేదు. పాత ఇనుమువాణ్ణీ పిలవలేదు.

వెల్డింగు మెషీను అద్దెకి తెచ్చాడు. మొదట తుక్కు ముక్కల మీద చెయ్యి అలవాటు చేసుకున్నాడు. ఆ ముక్కలన్నిటికీ చిల్లులు పడ్డాయి. చెయ్యి నిలకడగా కదలాలనీ, ఆగితే రంధ్రమనీ, తొందరపడితే అంటదనీ మెల్లిగా బోధపడింది. భార్య రెండు చెక్కలూ కదలకుండా కొయ్య బిగింపుల్లో బిగించింది. దూడల్ని పట్టిన చేతులు కదా! కింద అడుగు రేకు, పైన మూతి, పక్కన పెట్రోలు కుళాయి చోటు, అన్నీ అతికాక సైకిలు పంపుతో కాస్త గాలి నింపి అతుకుల మీద సబ్బునీళ్ళు పూశారు. లీకుంటే బుడగలొస్తాయి. ఇద్దరూ కళ్ళజోళ్ళు పెట్టుకుని వెతికినా ఏమీ కనిపించలేదు.

"ఇదిగో, ఇక్కడ నవ్వుతోంది చూడు బాబూ" అంది అత్తగారు, కళ్ళజోడు లేకుండానే.

అడుగున, మూలలో చిన్న బుడగ. దాన్నీ మూసేశాక మళ్ళీ పూశారు. ఈసారి ఎక్కడా నవ్వలేదు.

ట్యాంకు బండికి బిగించి, పెట్రోలు పోసి, కింద తెల్లటి ప్రూఫు కాగితం పరిచారు. కాఫీలు తాగారు. అత్తగారు కునుకు తీసి లేచింది. కాగితం మీద ఒక్క చుక్క లేదు. ఆయన వంగి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జేబులోంచి పెన్ను తీయకుండానే లేచాడు. ఆయన ఉద్యోగ జీవితంలో దిద్దడానికేమీ దొరకని కాగితం అదొక్కటే.

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఊరి చివరి కొట్టానికి బండి తీసింది. వెనక సీట్లో మందుల పెట్టెతో ఆయన. సిగ్నల్ దగ్గర పక్క బండివాడు ట్యాంకుకేసి చూసి, "ఎక్కడ దొరికిందండీ?" అని అడిగాడు. ఆయన నోరు తెరిచేలోపు ఆవిడ, "మావారు కన్నారు" అని గేరు వేసేసింది. దారి పొడుగునా ఆయన చెవులు ఎర్రగానే ఉన్నాయి.

కాబట్టి పాఠకులారా, సంగీతం, భార్య మాట, కింది వాటా స్నేహం, అత్తగారి కంటిచూపు మీద గౌరవం, ఇవన్నీ ఒక కంపెనీ ట్యాంకు అమ్మనన్నందువల్ల ఆ ఇంటికి ఒనగూడిన లాభాలు. స్పేర్ పార్టులు ఆపేస్తున్న మహానుభావులకి మనం వీధివీధినా సన్మానాలు చెయ్యవద్దూ?

ఒక్క చిన్న సంగతి చెప్పి ముగిస్తాను.

అన్ని ఆదివారాలు నేలమీద మోకరిల్లి కొట్టడంతో ఆయన కుడి మోకాలు పట్టేసింది. "గుర్రానికైతే నేనే చూసేదాన్ని" అంటూ భార్య ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు కాలు మడిచి, చాచి, ఎక్స్‌రే చూసి నవ్వాడు.

"కంగారు పడకండి. కొన్నాళ్ళు కింద కూర్చోకపోతే చాలు. ఎప్పటికైనా అరిగిపోయిందే అనుకోండి, మార్చేస్తాం. అన్ని సైజులూ ఉంటాయి. ఇవాళ చెబితే రేపు వచ్చేస్తుంది."

ప్రూఫ్ రీడరు నమ్మలేనట్టు ముందుకి వంగాడు.

"డాక్టరుగారూ, ఇది బాగా పాత మోడలండీ."

"ఎంత పాతదైనా దొరుకుతుంది."

"మోకాలొక్కటే ఇస్తారా?"

"మరింకేం కావాలండీ?" అన్నాడు డాక్టరు, అర్థంకాక డాక్టరమ్మ వైపు చూస్తూ. ఆవిడ అప్పటికే నవ్వు ఆపుకోలేక వరండాలోకి వెళ్ళిపోయింది.

అందువల్ల స్పేర్ పార్టు దొరకకపోవడం మహావరమన్న నా వాదనకి నేనిప్పటికీ కట్టుబడే ఉన్నాను. మీరు నలుగురికీ చదివి వినిపించినా సంతోషమే. మోకాళ్ళు తయారుచేసేవాళ్ళ కంట మాత్రం పడనివ్వకండి.