ఆక్సిజన్ పక్కన జ్యోతి ప్రజ్వలన

ఆ రోజు ఎస్తేరు పెట్టుకున్న పని ఒక్కటే. జిల్లా ఆసుపత్రుల నుంచి వస్తున్న నర్సులకు, పుట్టీ పుట్టని పసికందులకు ఆక్సిజన్ అందించే మిషన్ను ఎలా వాడాలో, ముఖ్యంగా ఎలా వాడకూడదో, భోజనాల వేళకల్లా నేర్పేయాలి. భోజనం కాగానే ఎవరి మిషను వాళ్లు బండిలో వేసుకుని వెళ్లిపోతారు. రాత్రికల్లా అవి వార్డుల్లో నడుస్తుంటాయి. మళ్లీ పిలిచి నేర్పే ఏర్పాటు, ఆ మిషన్లు తయారుచేసే ఎస్తేరు కంపెనీలో లేదు.

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి, హైటెక్ సిటీ దాకా నిలబడే వస్తూ పాఠాన్ని మనసులో మరోసారి తిప్పుకుంది. మొదటి వాక్యం ఆమె సొంతంగా రాసుకున్నది: ఆక్సిజన్ తనంతట తాను మండదు, పక్కన మండేదాన్ని మాత్రం మామూలుగా మండనివ్వదు. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. అందుకే కాబోలు, పుస్తకంలో రాసినదాన్ని నిజంగానే పాటించాలనుకునే అలవాటు ఇంకా పోలేదు.

పదో అంతస్తులో హాలు తలుపు తీసేసరికి ఆ అలవాటుకు మొదటి దెబ్బ తగిలింది. గోడ పొడవునా బ్యానరు: ‘ప్రాంతీయ జీవశాస్త్ర ఆవిష్కరణల మహోత్సవం’. భద్రతా శిక్షణ అన్న మాట అందులో ఏ మూలా లేదు. వేదిక మీద ఎర్ర శాటిన్ గుడ్డ కప్పిన బల్ల, బల్ల మీద ఆక్సిజన్ మిషను, మిషనుకు జానెడు దూరంలో నిండా నూనె పోసి, ఒత్తులు వేసి సిద్ధంగా ఉంచిన ఇత్తడి దీపపు కుంది.

ఈ అలంకారం చేయించినవాడు మార్కెటింగ్ చూసే ఉదయ్ భాస్కర్. పెట్టుబడి పెట్టబోయే పెద్దమనిషి ఒకాయన ముఖ్య అతిథిగా వస్తున్నాడని, అందుకే శిక్షణను మహోత్సవంగా పెంచామని, ఇందులో ఎస్తేరుకు కూడా గౌరవమేనని అతను చెప్పాడు.

"దీపం ఎట్ల పెడ్తరండీ ఇక్కడ? నా మొదటి స్లైడు చూడలేదా మీరు?"

"ఎందుకు చూడలేదు మేడం. ఫాంటు మార్చింది నేనే కదా."

ఎస్తేరుకు కోపం వస్తే మాట పెరగదు, తగ్గిపోతుంది. ఇంకొక్క ముక్క అనకుండా నేరుగా పార్థసారథి గదికి వెళ్లింది. ఆపరేషన్సు మొత్తం ఆయన చేతిలోనే ఉంటుంది. కాకినాడ మనిషి, మెత్తటివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఏ సమస్య వచ్చినా ముందు దానికి వేరే పేరు పెట్టి, ఆ పేరును పరిష్కరించి పంపించడం ఆయన పద్ధతి.

దీపం తీయించాలని ఆమె చెప్పగానే ఆయన ఆమె మెడలోని కార్డు వైపు చూశాడు. అందులో ఉన్న పేరు చదువుకున్నాడు. లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"నాకర్థమైందమ్మా. ఇందులో మొహమాటపడేదేం లేదు. మా ఆవిడ చదివింది కూడా మిషన్ స్కూల్లోనే."

"సార్, ఇది దేవుడి ముచ్చట కాదు. ఆక్సిజన్ ముచ్చట."

"అలాగే అందామమ్మా. బయట అలాగే చెబుదాం."

ఆమె బయటికొచ్చేలోపే హెచ్‌ఆర్ కిరణ్ పాల్‌కు కబురు వెళ్లింది. ఎస్తేరు మనసు నొచ్చుకుంది కాబట్టి, సభలో క్రైస్తవ ప్రార్థన కూడా ఉండాలి, దీపానికి దీటుగా ఏదైనా ఏర్పాటు చేయాలి. కిరణ్ పాల్ శ్రద్ధగల మనిషి. ఎవరినో ఎందుకని ఎస్తేరు వెళ్లే లింగంపల్లి చర్చికే ఫోను చేసి, కారు పంపించి, పాస్టరు ఇమ్మాన్యుయేల్ గారిని రప్పించాడు. ఆయన మోచేతి పొడవున్న కొవ్వొత్తితో వచ్చాడు. దాన్ని మిషనుకు అటు పక్కన నిలబెట్టారు. ఒక మంట వద్దని చెప్పినందుకు ఎస్తేరుకు రెండు మంటలు దక్కాయి.

ఇదేదీ తెలియని ఎస్తేరు, నర్సుల దగ్గరికి వెళ్లి వచ్చి వేదిక ఎక్కింది. కొవ్వొత్తిని చూసింది. అది ఎవరు తెచ్చారో తెలియదు, తెచ్చినవారు తన వెనకే కుర్చీలో కూర్చున్నారనీ తెలియదు. దీన్ని ఇక్కడ పెట్టిన తెలివిగలవాళ్లెవరో ముందు దీన్ని తీసుకెళ్లి బయట పారేయాలని గట్టిగానే అంది. ఇమ్మాన్యుయేల్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోను చేసుకున్నాడు. ఆయన ఇంటి నుంచి ఎస్తేరు ఇంటికి రెండు సందులే దూరం. కాసేపటికే ఆమె ఫోను మోగింది.

"ఏందే, అయ్యగారు తెచ్చిన కొవ్వొత్తి పారెయ్యమన్నవంట," అంది తల్లి కరుణమ్మ. "నౌకరీ దొరికినంక ప్రభువుతోని పని లేదా నీకు? మీ నాయిన అన్నం ముట్టలే."

"అమ్మా, ఆక్సిజన్ మిషనే..."

"మిషన్లు మాకు చెప్పకు. ఆదివారం ఏ మొఖం పెట్టుకొని పోవాలె చర్చికి?"

ఈలోగా నర్సుల సంగతి మరీ అన్యాయంగా ఉంది. ఆదిలాబాద్ వైపు నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాళ్లను హాలు గుమ్మం దగ్గర రెండు వరసలుగా నిలబెట్టి, అతిథి మీద చల్లడానికి తలా ఒక గులాబీల పళ్లెం ఇచ్చారు. వాళ్లలో పెద్దావిడ సీతాబాయి పళ్లెం పట్టుకునే ఎస్తేరు దగ్గరికి వచ్చింది.

"మేడం, మాకు మిషను ఎప్పుడు చూపిస్తరు? తిండి తినంగనే బండి కదుల్తది. ఇయ్యాల నైట్ డ్యూటీ నాదే, ఏం నేర్వక ఉట్టిగ పోయి పసిపోరల ముందట ఎట్ల నిలవడాలె?"

ఎస్తేరుకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే వెళ్లి, వేదిక మీద ఊరికే నడుస్తున్న మిషను కట్టేసింది. తెర నల్లగా ఉంటే ఫోటో బాగుండదని ఫోటోగ్రాఫరు మళ్లీ వేశాడు. ఆమె కట్టేసింది. ఉదయ్ భాస్కర్ వేశాడు. ఆమె వైరు పీకి సంచిలో పెట్టుకుంటే, అతను కంప్యూటరు వైరు ఒకటి తెచ్చి తగిలించి, సరిగ్గా సరిపోయిందని అందరికీ చూపించి మురిసిపోయాడు. చూడముచ్చటగా ఉంటుందని ఆక్సిజన్ గొట్టాన్ని శాటిన్ గుడ్డ మడతల్లో వంపులు తిప్పి పడుకోబెట్టాడు. గొట్టం నుంచి వస్తున్న ఆక్సిజన్ను ఆ గుడ్డ అంతసేపూ పీల్చుకుంటూనే ఉంది.

ఆఖరి ప్రయత్నంగా ఎస్తేరు మళ్లీ పార్థసారథి దగ్గరికి వెళ్లింది. కొవ్వొత్తి సంగతి ఆయనకు అప్పటికే తెలిసింది. ఈసారి ఆయన ముఖంలో జాలి కనిపించింది. దీపమూ వద్దని, కొవ్వొత్తీ వద్దని అంటోందంటే దాని భావం ఏమిటో ఆయన ఆలోచించి పెట్టుకున్నాడు.

"నాస్తికులైతే ఆ మాట ముందే చెప్పాలి కదమ్మా. ఏ మతానికీ చెందనిది కూడా పెట్టిస్తాను. ఇదిగో ఉదయ్, పెళ్లిళ్లలో నిప్పురవ్వలు పైకి చిమ్ముతాయే, ఆ కోల్డ్ ఫైర్ మిషన్లు దొరుకుతాయేమో చూడండి."

"సార్, అది నిప్పు."

"కోల్డ్ అని పేరులోనే ఉందమ్మా. మా మేనకోడలి పెళ్లిలో చిన్నపిల్లలు చేతులు పెట్టి ఆడుకున్నారు."

మదీనాగూడ ఫంక్షన్ హాలు నుంచి అవి వచ్చేశాయి. ఒకటి బల్లకు ఇటు, ఒకటి అటు. నర్సులకు ఒక్క ముక్క నేర్పడానికి పొద్దున్నుంచి దొరకని వెసులుబాటు, నిప్పులు తెప్పించడానికి మాత్రం దొరికింది. ఎస్తేరు గోడకున్న మంటలార్పే సిలిండరును కొక్కెం నుంచి తీసి, వేదిక పక్కన చంకలో పెట్టుకుని నిలబడింది. ఫోటోలో ఆ సిలిండరు బాగుండదని, కాస్త పక్కకు జరగమని ఉదయ్ భాస్కర్ సైగ చేశాడు. ఆమె జరగలేదు.

ముఖ్య అతిథి వచ్చాడు. గులాబీలు పడ్డాయి, శాలువా పడింది. ఆయన దీపం వెలిగించాడు. పాస్టరు గారు మనసులో బాధను దిగమింగుకుని కొవ్వొత్తి వెలిగించి, అందరి క్షేమం కోసం ప్రార్థించాడు. ఆ ప్రార్థన అవసరం ఎంతుందో అప్పటికి ఆయనకు తెలియదు. పార్థసారథి ఎస్తేరు వైపు ఆప్యాయంగా చూసి, ఇది మీ కోసమే అన్నట్టు తల ఊపి, మీట నొక్కించాడు.

నిప్పురవ్వలు నిలువెత్తు లేచాయి. చప్పట్లు మోగాయి. ఒక్క రవ్వ ఎగిరి శాటిన్ గుడ్డ మీద పడింది.

మామూలు గుడ్డయితే చిల్లు పడేది. పొద్దుటి నుంచీ ఆక్సిజన్ పీల్చుకున్న ఆ గుడ్డ ఈ చివర నుంచి ఆ చివరకు గుప్పుమని ఒక్కసారిగా అంటుకుంది. బల్ల మీది పూలగుత్తి ప్లాస్టిక్ కాగితంతో సహా భగ్గుమంది. ముఖ్య అతిథి ఎగిరి వెనక్కి దూకాడు, ఆయన శాలువా మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఎస్తేరు వైరు పీకింది, బల్లను కాలితో తన్ని అతిథికి దూరంగా పడేసింది, సిలిండరు పిన్ను లాగి దాని మీద కుమ్మరించింది. తెల్లటి పొడి అణిగేసరికి మంట లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పాస్టరు గారూ పార్థసారథీ పిండిలో దొర్లినవాళ్లలా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. భవనమంతా ఫైర్ అలారం మొదలైంది.

లిఫ్టులు ఆగిపోయాయి. పది అంతస్తుల సాఫ్ట్‌వేరు జనం, మెడలో కార్డులతో, ముఖాల్లో దాచుకోలేని సంతోషంతో మెట్లు దిగి పార్కింగులో చేరారు. అక్కడే జిల్లాల బండ్లున్నాయి. వాటిలో నర్సుల మిషన్లు అట్టపెట్టెల్లో సిద్ధంగా ఉన్నాయి. ఎస్తేరు ఎవరినీ అడగలేదు. సీతాబాయి పెట్టె దింపించింది. సెక్యూరిటీ పెంటయ్య తన గదిలోని ఫ్యాను వైరు తీసి, ఆ ప్లగ్గులో మిషను తగిలించుకోనిచ్చాడు. పొడి రాలుతున్న చీరతోనే ఆమె మొదలుపెట్టింది.

"ఆక్సిజన్ తనంతట తాను మండదు. మిగిలింది మీరు కండ్లతోని చూసిన్రు."

ఆమె కోపం ఇంకా తగ్గలేదు. ఆ కోపంతోనే నేర్పింది. ప్రతి నర్సు చేతా గొట్టం తగిలించి, విప్పించి, అలారం మోగించి, మళ్లీ చేయించింది. వార్డులోకి అగ్గిపుల్ల, అగరుబత్తి, కొవ్వొత్తి, నూనె చెయ్యి, ఏదొచ్చినా బయటికి తోలాలని, తెచ్చినవాళ్లు కోపగించుకున్నా, ఏడ్చినా, పెద్ద డాక్టరైనా తోలాల్సిందేనని చెప్పింది. ఏం తోచక సాఫ్ట్‌వేరు జనం చుట్టూ మూగి విన్నారు. ఇమ్మాన్యుయేల్ గారు కూడా చివరి దాకా విని, దగ్గరికి వచ్చాడు.

"ఈ ముక్క నాకెవరూ చెప్పలేదే తల్లీ."

"పొద్దుగాల నుంచి అదే చెప్తున్న అయ్యగారూ."

ఆయన అక్కడే నిలబడి కరుణమ్మకు ఫోను చేశాడు. నర్సులు పాఠం పూర్తి చేసుకుని, పార్కింగులోనే పొట్లాలు విప్పుకుని తిని, మిషన్లతో బండ్లెక్కారు.

వారం తిరిగేలోగా విచారణ నివేదిక వచ్చింది. దీపం సంప్రదాయం కాబట్టి దాని తప్పు లేదు. కొవ్వొత్తి మత సామరస్యం. కోల్డ్ ఫైర్ తటస్థం. కాబట్టి ప్రమాదానికి కారణం సిబ్బందిలో శిక్షణ లోపమని తేలింది. శిక్షణ విభాగంలో ఉన్నది ఎస్తేరు ఒక్కతే. ఆమె అగ్ని భద్రత తరగతికి విధిగా హాజరు కావాలని ఉత్తర్వు వచ్చింది. మంటల విషయంలో ప్రత్యక్ష అనుభవం ఉన్నవాడని తరగతి చెప్పే బాధ్యత ఉదయ్ భాస్కర్‌కు ఇచ్చారు.

ఎస్తేరు పళ్లు బిగించుకుని ముందు వరసలో కూర్చుంది. ఆక్సిజన్ తనంతట తాను మండదని అతను ఆమె స్లైడు చూపించి ఆమెకే చెబుతుండగా ఫోను మోగింది. సీతాబాయి.

"మేడం, నిన్న పసిపోరని తాత కొబ్బరికాయ, కర్పూరం పట్టుకొని సీదా వార్డులకొచ్చిండు, కొత్త మిషనుకు హారతి పడ్తనని. అగ్గిపుల్ల గీకబోయిండు. బయటికి పొమ్మని మీరు ఒర్రినట్టే ఒర్రిన. ముసలాయన అలిగి గేటు కాడికి పోయి అక్కడ ముట్టిచ్చుకున్నడు. పిల్లగాడు మంచిగున్నడు, ఇయ్యాల తల్లిపాలు తాగిండు."

"మంచి పని చేసినవ్ అక్కా," అంది ఎస్తేరు. ఆ వారంలో ఆమె గొంతులో కోపం లేని మొదటి మాట అదే.

తరగతి చివర పరీక్ష పెట్టారు. జవాబులన్నీ సరిగ్గానే ఉన్నా, పాఠం మీద శ్రద్ధ లేకుండా ఫోను మాట్లాడినందుకు ఉదయ్ భాస్కర్ పది మార్కులు తగ్గించాడు.