వరండాలోంచి కనబడే గడ్డికొట్టం

రైతుగా ఎవడైనా పుడతాడు. దృశ్యంగా ఎదగడానికి మాత్రం పెట్టి పుట్టాలి!

నేను పెట్టి పుట్టాను. మా నాన్న ఆవుల్ని మేపి, పాలు పితికి, ఎవరి కంటా పడకుండా బతికి వెళ్ళిపోయాడు. నేనూ ఆ పొలంలోనే ఆవుల్ని మేపుతున్నాను. కానీ శనివారం వచ్చిందంటే మూడొందల మంది న్యూయార్కులో రైలెక్కి, హడ్సన్ నది ఒడ్డునే రెండు గంటలు కూర్చుని వచ్చి, నన్ను చూసి, సాయంత్రం బండికి వెళ్ళిపోతున్నారు.

సరే, నన్నొక్కణ్ణే అనకూడదు. వాళ్ళు టిక్కెట్టు కొనేది గుట్ట మీది రాక్‌మియర్ హాలు చూడటానికి. పాతకాలపు దొరగారి భవంతి అది. దొరసాని దువ్వెన చూస్తారు. దొర స్నానం చేసిన తొట్టి చూస్తారు. చివరికి వరండాలోకొచ్చి "అబ్బ!" అంటారు. ఆ అబ్బలో ఉన్నది మేమే! నది, దాని ఇవతల పొలం, పొలంలో ఓ పక్కకి ఒరిగిన గడ్డికొట్టం, దాని ముందు నేను.

ఒకామె కిందిదాకా దిగొచ్చి కంచె మీద చేతులానించి అడిగింది: "మీరు ఇక్కడ ఉద్యోగం చేస్తారా, నిజంగానే ఉంటారా?"

ఏం చెప్పను? అరవై నాలుగేళ్ళుగా ఆ అనుమానం నాకు రాలేదు.

ఆ హాలులో ఒక నూనెరంగుల బొమ్మ ఉంది. మా ముత్తాత తండ్రి కొట్టం కట్టిన రెండేళ్ళకి ఎవరో చిత్రకారుడు వరండాలో కూర్చుని వేసినది. కొట్టం అప్పుడు గీత గీసినట్టు నిటారుగా ఉండేదని మా ఇంట్లో చెప్పుకుంటారు. అందం చాలదని ఆయనే కాస్త వంచి వేశాడట. చూశారా దూరదృష్టి! నూట డెబ్బై ఏళ్ళు వానలోనూ మంచులోనూ తపస్సు చేసి, కొట్టం ఇప్పటికి ఆ బొమ్మలా తయారైంది.

ఆ హాలుకి ఒక దృశ్య పరిరక్షణ సంఘం ఉంది. వరండాలోంచి కనబడేది ఏది మార్చాలన్నా సంఘం ఒప్పుకోవాలని మా ఊరి బోర్డు తీర్మానం. బొమ్మలో ఉన్నది ఉండొచ్చు, లేనిది ఉండకూడదు. ఇంత తేలికైన చట్టం ఇంకో దేశంలో ఉందా?

బొమ్మలో ట్రాక్టరు లేదు. అందుకని శనివారం పదకొండుంబావు బండి కూసేలోగా దాన్ని కొట్టం వెనక దాచేస్తాను. బొమ్మలో బట్టలారేసే తీగ లేదు. అందుకని మా ఆవిడ లొరెట్టా శనివారాలు నా బనియన్లు పొయ్యి మీద వేలాడదీస్తుంది. బొమ్మలో మూడు ఎర్రావులున్నాయి. నావి ఇరవై నాలుగు, అన్నీ నలుపూ తెలుపూ. వీటిని మార్చడానికి వీలవుతుందా అని సంఘం కార్యదర్శి మిసెస్ థార్న్ ఎంతో మర్యాదగా అడిగింది.

"రంగెయ్యమంటారా?" అన్నాను.

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది!

ఇంతటి గౌరవం పొందుతున్నవాడికి కొట్టానికి పైకప్పు కూడా కావాలనిపించడం దురాశ కాక మరేమిటి? కప్పిన చెక్కపలకలు పుచ్చిపోయాయి. రేకులు వేసుకుంటానని పదకొండేళ్ళుగా అడుగుతున్నాను. ఎండకి రేకులు మెరుస్తాయట. మెరుపు బొమ్మలో లేదట. ఎప్పుడడిగినా "పరిశీలనలో ఉంది" అని మంచి దళసరి కాగితం మీద జవాబు వస్తుంది. ఆ కాగితాలు పరిచినా కొట్టం సగం కప్పేసేవాణ్ణి.

ఈ ఏడు సెప్టెంబరంతా వాన. గడ్డి మోపులు కిందిదాకా తడిశాయి. తడిసిన గడ్డి బూజు పడుతుంది. బూజుగడ్డి తిన్న చూడావు ఈచుకుపోతుంది, కడుపు నిలవదు. బూజు పట్టకపోతే లోలోపల కాగి, దానంతటదే అంటుకుని కొట్టాన్ని కూడా తీసుకుపోతుంది. మంచు పడ్డాక ఇరవై నాలుగు నోళ్ళకి ఆ గడ్డే ఆధారం. అది పోతే మందని తోలుకెళ్ళి అమ్ముకోవడమే.

కొట్టం మీద నీలం టార్పాలిన్ కప్పాను. రెండో రోజుకల్లా మిసెస్ థార్న్ తానే వచ్చింది.

"మిస్టర్ డెకర్, ఆ నీలం ఫొటోల్లో మరీ కొట్టొచ్చినట్టుందండీ."

"గడ్డి తడుస్తోందమ్మా."

"కానీ గడ్డి వరండాలోంచి కనబడదు కదా!"

టార్పాలిన్ తీసేసి, ఆ మాటే నెమరేస్తూ మూడు రోజులు కూర్చున్నాను.

నాలుగో రోజు లొరెట్టా వంటింట్లోంచి కేకేసింది. "ఏమయ్యా, నీ ఆలోచన తెమిలేనా? పేడగుంట అంచుదాకా వచ్చింది. మంచుకి నేల గట్టిపడకముందే చేలకి తోలకపోతే అదే నడిచి ఇంట్లోకొస్తుంది."

అప్పుడు అర్థమైంది నాకు ఆ కార్యదర్శి చెప్పిన ధర్మసూక్ష్మం. కనబడనిదానికి సంఘంతో పని లేదు!

శుక్రవారం సాయంత్రం మొక్కజొన్న కోసిన చేలో పెంట తోలాను. గుట్ట కిందిదాకా, ఒక్క బారెడు వదలకుండా. చేను కాస్త ముదురు రంగు తేలింది, అంతే. బొమ్మలో కూడా చేను ముదురు రంగే. పైగా మా ముత్తాత తండ్రీ ఇదే తోలాడు, ఇలాంటి ఆవుల దగ్గర్నుంచే. పరిరక్షించవలసిన ప్రాచీన సంపదల్లో ఇంత నికార్సయినది ఇంకేముందండీ?

శనివారం నది గాలి ఎప్పట్లాగే గుట్టెక్కింది. జనం ఎప్పట్లాగే వరండాలోకొచ్చి "అబ్బ!" అన్నారు. ఎందుకో ఈసారి ముక్కు పట్టుకుని అన్నారు.

మా ఎర్ల్ స్నైడర్ స్టేషన్ నుంచి వాళ్ళని వ్యానులో ఎక్కించుకొస్తాడు. నాతో బడికి వెళ్ళినవాడు. సాయంత్రం వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"ఒరే విల్‌బర్, మూడుగంటల బండికే అందరూ తిరుగుముఖం పట్టారురా. ఒకాయన అడిగాడు, పూర్వకాలం ఇలాగే ఉండేదా అని."

"నువ్వేమన్నావు?"

"టిక్కెట్టులో కలిసే ఉందండీ, విడిగా ఏమీ ఇవ్వక్కర్లేదన్నాను."

రెండో శుక్రవారం నది వైపు చేనుకి తోలాను. శనివారం మధ్యాహ్నం కాకుండానే ఫోను మోగింది.

"ఇది ఎన్నాళ్ళుంటుంది, మిస్టర్ డెకర్?" మిసెస్ థార్న్ గొంతు ముక్కు మూసుకున్నట్టుగా వచ్చింది.

"గుంట పెద్దదమ్మా."

"ఇలాంటివాటికి మా నియమాల్లో..."

"చదివానమ్మా. అన్నీ కనబడేవాటి గురించే."

అవతల కాగితాలు తిరగేసింది. తర్వాత, "ఆ రేకుల దరఖాస్తు ఏమైంది?" అంది.

"మీ దగ్గరే పరిశీలనలో ఉందమ్మా."

బుధవారానికి అనుమతి వచ్చింది. మెరవకుండా బూడిదరంగు పూయాలని షరతు. పూశాం. ఎర్లూ నేనూ నాలుగు రోజుల్లో రేకులు బిగించాం. కుళ్ళిన మోపులు పది పారేశాం, మిగతావి విప్పి ఆరబెట్టాం. ఆరో రోజు మంచు పడింది. ఇరవై నాలుగూ పొడిగడ్డి నములుతున్నాయి.

కాబట్టి రైలు దిగి వచ్చేవాళ్ళని ఎవరూ ఒక్క మాట అనకండి. వాళ్ళు మాకు దేవుళ్ళు! మూడొందల జతల కళ్ళు పదకొండేళ్ళుగా చూసి కూడా చూడలేకపోయిన చిల్లుల్ని, మూడొందల ముక్కులు రెండు శనివారాల్లో కనిపెట్టాయి. వాళ్ళకి మా పల్లె అందం కావాలి. అందులో మేం బతుకుతున్నామన్న సంగతి గాలిలో కొడితే తప్ప తెలియదు.

గుంటలో ఇంకా సగం ఉంది. వసంతంలో పాలకొట్టానికి కిటికీలు మార్చాలి.