సుద్ద అంటని కర్ర

పూల్ ఆట కర్రలు చేసే వర్ధమాన నూతన శిల్పుల ప్రోత్సాహక సంఘం ఈ ఏడాది నలుగురిని ఎంపిక చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ సంఘానికి కార్యదర్శిని నేనే కనుక ఈ సంతోషం పదవీరీత్యా తప్పనిసరి.

ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద రంగు బంతుల్ని కన్నాల్లోకి కొట్టడానికి ఏదో ఒక కర్ర ఎవరైనా చేసిపెడతారు. మనిషి ఎత్తు, చెయ్యి పొడవు, పిడికిలి కొలత తీసుకుని ఆ ఒక్క మనిషికే సరిపోయేలా చేసేవాడు శిల్పి. అలాంటివాళ్ళను పసిగట్టి, వెన్ను తట్టి, వేదిక ఎక్కించడం మా పని. వేదిక దిగాక వాళ్ళేమయ్యారో కనుక్కోవడం మా నియమావళిలో లేదు.

ఉన్నవాటిలో ముఖ్యమైనది మూడో నియమం. పోటీకి వచ్చిన కర్రతో ఒక్కసారి కూడా ఆడి ఉండకూడదు. మొదటి ఏడాది తెలియక ఒకాయన తను రోజూ ఆడే కర్రనే పట్టుకొచ్చాడు. బంతి మీద జారకుండా కర్ర మొనకు నీలం సుద్ద రాస్తారు కదా, ఆ సుద్ద మా అధ్యక్షులవారి తెల్లచొక్కాకు అంటుకుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా వదల్లేదు. కళకూ సుద్దకూ పొసగదని సంఘం ఆ రోజే ఏకగ్రీవంగా గ్రహించింది.

న్యాయనిర్ణేతలు అయిదుగురు. ఒక్కరికీ ఆట రాదు. ఆట వచ్చినవాళ్ళను పెడితే కర్ర అందుకోగానే చేతులు ఊరుకోవు, పక్షపాతం బయటపడిపోతుంది. మావాళ్ళు కర్రను దూరం నుంచి చూస్తారు, దగ్గర నుంచి చూస్తారు, అవసరమైతే వాసన చూస్తారు. ఇంతవరకు ఒక్క అప్పీలు రాలేదు.

ఈ ఏటి నలుగురిలో మొదటాయన ఒకప్పుడు పళ్ళ సెట్లు కట్టేవాడు. కర్రలో నూట పద్నాలుగు ముత్యపు చిప్ప ముక్కలు పొదిగాడు. దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి, మెచ్చుకోవడానికి మాత్రం ఒక్కరు చాలు. రెండో ఆయన కర్ర పెట్టుకునే పెట్టె ఒక్కటే చేశాడు. లోపల మఖమలు, మూలలకు ఇత్తడి. కర్ర ఏదయ్యా అంటే, "ఈ పెట్టెకి తగ్గ కర్ర ఇంకా దొరకలేదండీ" అన్నాడు. ఆ నిజాయితీకి అయిదుగురూ కరిగిపోయారు. మూడో ఆయన చెక్క మనోభావాల మీద ఇరవై పేజీల వ్యాసం పంపాడు. చదివినవాళ్ళు లేరు, కాదన్నవాళ్ళూ లేరు.

చిక్కంతా నాలుగో అతనితో వచ్చింది. అతను నిజంగానే కర్ర చేశాడు.

అందరూ అతన్ని కాళ్ళ మేస్త్రి అంటారు. పన్నెండేళ్ళుగా లేత్ మిషన్ మీద బల్లలకూ కుర్చీలకూ కాళ్ళు తీస్తున్నాడు. అతని మేనత్త బస్టాండులో టికెట్ల కౌంటరు దగ్గర ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటోంది. సాయంత్రం కౌంటరు మూసి, ఎదురుగా ఉన్న ఆటల హాల్లో గంటసేపు పూల్ ఆడందే ఇంటిదారి పట్టదు. ఆ హాల్లో ఎనిమిది కర్రలు. తడికీ ఎండకూ ఓడినవాళ్ళ కోపానికీ ఎనిమిదీ వంగిపోయాయి. ఆవిడది నాలుగో నంబరు. అది కుడికి లాగుతుంది కాబట్టి ఆవిడ రెండు వేళ్ళు ఎడమకు గురిపెట్టి కొడుతుంది. బంతి వెళ్ళి కన్నంలో పడుతుంది.

ఏడాదిన్నర కిందట డాక్టరు ఆవిడ మణికట్టు చూసి, ఎప్పటికైనా ఆపరేషన్ తప్పదని, అది అయ్యాక కర్ర పట్టుకునేది లేదని చెప్పాడు. ఆవిడ అక్కణ్ణుంచి నేరుగా మేనల్లుడి షెడ్డుకు వచ్చింది.

"ఒరేయ్, ఊళ్ళోవాళ్ళ బల్లలన్నిటికీ కాళ్ళిచ్చావు. నాకో కర్ర చేసిపెట్టరా. ఆపేసేలోగా ఒక్కసారన్నా తిన్నటి కర్రతో తిన్నగా కొట్టాలనుంది."

మేస్త్రి దారంతో ఆవిడ చెయ్యి కొలిచాడు. ఈ పనిలో తొందర పనికిరాదు. ఒక పొర తీసి, కర్రను వేలాడదీసి నెలరోజులు ఆగాలి. ఈలోగా చెక్క తన బుద్ధి చూపిస్తుంది. వంగితే దాని కథ అంతటితో సరి, నిలబడితే ఇంకో పొర. ఇంట్లో తడి తగలని కప్పు వంటింటిదే కావడంతో పందొమ్మిది కర్రలు అక్కడ వేలాడాయి. "కర్రలు వంగకూడదు, నేను మాత్రం వంగి వంగి వండాలి. బాగుంది వరస!" అని అతని భార్య ఏడాదిపాటు అంటూనే ఉంది, వంగుతూనే ఉంది. పద్దెనిమిది కర్రలు ఒకదాని తర్వాత ఒకటి వంగిపోయాయి. ఒక్కటి నిలబడింది.

దాన్ని అత్తకు ఇవ్వబోయే వారంలోనే, పరదాల దుకాణం నడిపే మా అధ్యక్షులవారు పరదా కర్రల కోసం ఆ షెడ్డుకు వెళ్ళారు. ముందు దాన్ని పరదాకే బేరమాడారు. అది పూల్ కర్ర అని తెలిశాక, అంతకుముందు కనిపించని కళ అందులో ఉన్నట్టుండి కనిపించింది.

"ఒక్క నెలేనంట అత్తా. అద్దాల పెట్టెలో పెట్టి, బిరుదిచ్చి, తిరిగిచ్చేస్తారంట" అన్నాడు మేస్త్రి. కుర్చీ కాళ్ళ బోర్డు తీసి శిల్పి అన్న బోర్డు పెట్టాలని అతనికి ఆశ పుట్టింది. తప్పేముంది?

"నీకు పేరొస్తుందంటే నా చెయ్యి నెల్రోజులు ఆగదంట్రా?" అంది అత్త.

చెయ్యి ఆగలేదు. నొప్పి ముదిరింది, డాక్టరు సోమవారం ఆపరేషన్ పెట్టాడు. మా సన్మాన సభ దానికి ముందురోజు, ఆదివారం. అదీ ఆవిడ రోజూ ఆడే హాల్లోనే. కుర్చీలు వెయ్యడానికి అడ్డమని ఒక్కటి తప్ప ఆటబల్లలన్నీ వరండాలోకి తోయించాము. మిగిలిన ఒక్క బల్ల మీద అద్దాల పెట్టె, అందులో కర్ర. ఆ బల్ల మీదే టీ కప్పులు కూడా పెట్టాము.

సభలో నేను నియమావళి చదివాను. పదకొండో నియమం ప్రకారం బిరుదు పొందిన కర్ర మూడేళ్ళు అద్దాల పెట్టెలోనే ఉండాలి. ఇది మేస్త్రికి ముందుగా ఎవరూ చెప్పలేదు. ముందుగా చెప్పాలన్న నియమం లేదు.

రెండో వరసలోంచి అత్త లేచింది. "అయ్యా, అది నాకోసం చేసిన కర్ర. రేపు నాకు ఆపరేషను. ఒక్కసారి ఆడి ఇచ్చేస్తాను."

అధ్యక్షులవారు మైకు దగ్గరకు జరిగారు. "అమ్మా! ఆడితే అది కర్ర. ఆడకపోతే కళ. మీ చెయ్యి తాత్కాలికం. మీ చేతి కొలత శాశ్వతం. దాన్ని ప్రశంసాపత్రంలో అంగుళాలతో సహా అచ్చు వేయించాం. ఇంతకంటే ఏ చేతికైనా ఏం కావాలి?"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. అత్త మాత్రం తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది.

మేస్త్రి శాలువా కప్పుకుని వేదిక మీద ఉన్నాడు. కాసేపు కర్ర వంక, కాసేపు అత్త వంక చూశాడు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, నా దగ్గరకు వచ్చి చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇవ్వండి సార్."

నియమం ప్రకారం ఇవ్వకూడదు. ఇచ్చాను. ఎందుకిచ్చానో మినిట్స్ పుస్తకంలో రాయలేదు.

టీ కప్పులు కిందికి దిగాయి, పెట్టె పక్కకు జరిగింది. అత్త కర్ర మొనకు నీలం సుద్ద రాస్తుంటే అధ్యక్షులవారు చొక్కా కాపాడుకుంటూ మూడడుగులు వెనక్కి వేశారు. ఆవిడ వంగి, ఊపిరి బిగబట్టి, ముప్ఫై ఏళ్ళ అనుభవంతో రెండు వేళ్ళు ఎడమకు గురిపెట్టి కొట్టింది.

బంతి రెండు వేళ్ళు ఎడమకే వెళ్ళింది.

"చూశారా!" అన్నారు అధ్యక్షులవారు, కళ పరువు దక్కిందన్నంత ఆనందంగా. మేస్త్రి ముఖం పాలిపోయింది. అత్త మాత్రం కర్ర వంక చూసి, బంతి వంక చూసి, హాలంతా వినబడేలా నవ్వింది. "కర్ర తిన్నగానే ఉందిరా! వంకర నాది." మళ్ళీ సుద్ద రాసి, ఈసారి కన్నానికే గురిపెట్టి కొట్టింది. బంతి పడిన చప్పుడుకు మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. నా కళ్ళు కూడా పదవీరీత్యా కాకుండానే తడిశాయి.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిపి మేస్త్రి బిరుదు రద్దు చేశాము. కారణం అన్న గడిలో "వాడకం" అని రాశాను. పూర్తయిన కర్రలతో ఎవరైనా ఆడే ప్రమాదం ఉన్నందున, ఇకమీదట సగం చేసినవే స్వీకరించాలని తీర్మానించాము. ఇప్పటికే ఒకాయన చెయ్యి పెట్టని దుంగ పంపాడు. వచ్చే ఏడాది దానికి ఎదురులేదని అంటున్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇక ఆడే వీల్లేదు కనుక అత్త ఆ కర్రను హాలుకే ఇచ్చేసింది. అద్దంలో పెట్టొద్దని, తొమ్మిదో నంబరు వేసి అందరూ ఆడాలని కబురు పంపింది. వారం తిరక్కుండా ఫిర్యాదు పుస్తకంలో ఇరవై ఆరు సంతకాలతో ఒక ఫిర్యాదు వచ్చింది. తొమ్మిదో నంబరు కర్ర వంకరగా ఉంది, వెంటనే తీసెయ్యాలి.

మేస్త్రి వచ్చి కర్రను బల్ల మీద దొర్లించి చూపించాడు. కర్రకూ బల్లకూ మధ్య ఎక్కడా సందు లేదు. బల్ల మీద తిన్నగానే ఉందని, చేతిలోకి వస్తేనే వంకర తిరుగుతోందని ఇరవై ఆరుగురూ ఒప్పుకున్నారు. అత్తకు చెబితే, "రెండో దెబ్బ దాకా ఆగమనరా" అంది. ఎవరూ ఆగలేదు. మేస్త్రి మాత్రం షెడ్డుకు వెళ్ళి కుర్చీ కాళ్ళు తీస్తున్నాడు. వంటింట్లో మళ్ళీ ఏవో వేలాడుతున్నాయని, అతని భార్య మళ్ళీ వంగుతోందని విన్నాను.

విచారణ నా బాధ్యత కనుక నిన్న నేనే హాలుకు వెళ్ళి జన్మలో మొదటిసారి కర్ర పట్టాను. బంతి పడలేదు. నాకు ఆట రాదన్న సంగతి నాకు బాగా తెలుసు. అయినా తప్పు కర్రదే అనిపించింది. రెండో దెబ్బ కొట్టకుండా వెళ్ళి ఇరవై ఏడో సంతకం చేశాను. దాని కింద గీత ఒకటి మీకోసం ఖాళీగా ఉంచాను. వచ్చేటప్పుడు పెన్ను తెచ్చుకోండి.