రాకుండానే చేరిన పంది

చమురు గొట్టాల సంస్థవారి మొదటి పంది ప్రయాణం సర్వవిధాలా విజయవంతంగా ముగిసిందని పాఠక మహాశయులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. బయలుదేరిన పంది గమ్యం చేరింది. చేరిన పంది మాత్రం కనిపించలేదు. ఈ రెండో సంగతి వల్ల మొదటి సంగతికి ఎలాంటి భంగమూ లేదని సంస్థవారి అభిప్రాయం.

పంది అంటే ఏమిటో తెలియనివారికి ఒక మాట. భూమిలో పాతిన చమురు గొట్టం లోపల ఏళ్ళ తరబడి జిడ్డు పేరుకుంటుంది, అక్కడక్కడ తుప్పు పడుతుంది. మనిషి దూరలేడు కనుక ఒక యంత్రాన్ని లోపలికి తోస్తారు. వెనకనుంచి చమురు నెడుతూ ఉంటే అది గొట్టం గోడలు గీకుకుంటూ, ఇనుము ఎక్కడ పలచబడిందో చూసుకుంటూ రెండో చివరన బయటికి వస్తుంది. ఆఫీసు భాషలో దాని పేరు ‘అంతర్గత శుద్ధి మరియు తనిఖీ సాధనం’. ఆ పని చేసేవాళ్ళు దాన్ని పంది అంటారు. ఎక్కడికి వెళ్ళినా అదే పేరట. చిన్న లారీ అంత బరువుంటుంది, మురికిలో దొర్లి వస్తుంది. పై అధికారులు ఆ పేరు విని మొదట మొహం చిట్లించినా, ఆఫీసు పేరుకన్నా పలకడం తేలిక కావడంతో తరువాత అలవాటు పడ్డారు.

లోపల పోయేదాన్ని పైనున్నవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. మధ్యలో ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ తవ్వాలి కదా. అందుకని గొట్టం పొడవునా పదిహేడు చోట్ల రాళ్ళు పాతి, ఒక్కో రాయి దగ్గర ఒక్కో ఉద్యోగిని కూర్చోబెట్టారు. ఆయనకొక గొడుగు, ఒక కుర్చీ, ఒక వినికిడి పెట్టె. పంది కిందనుంచి పోతే పెట్టె కూస్తుంది. కూయగానే ఫోనులో ‘దాటింది’ అనే బొత్తాం నొక్కాలి. నొక్కగానే ప్రధాన కార్యాలయంలో గోడంత తెరమీద ఒక పచ్చ చుక్క ఆ రాయి దాటుతుంది. రెండు రాళ్ళ మధ్యలో మాత్రం చుక్క తన లెక్క ప్రకారం తానే నడుస్తుంది. చుక్క ఎక్కడుందో పదిహేడు మంది ఫోనుల్లోనూ కనిపించే ఏర్పాటు కూడా ఉంది. పారదర్శకత అంటే సంస్థకు అంత ప్రాణం.

మొదటి మూడు రాళ్ళ దగ్గర పెట్టెలు కూశాయి, మనుషులు నొక్కారు. నాలుగో రాయి ఉద్యోగి చెవులు రిక్కించి కూర్చున్నాడు. పెట్టె ఉలకలేదు, పలకలేదు. ఫోనులో చూస్తే చుక్క అప్పుడే తన రాయి మీదికి వచ్చి తచ్చాడుతోంది. ఇంతలో తెర గదినుంచి ఫోను.

“ఏమయ్యా, కునుకు తీస్తున్నావా? పంది నీ దగ్గరికొచ్చి నిలబడితే నొక్కవేం?”

“పెట్టె కూయలేదండీ.”

“పెట్టె సంగతి తర్వాత చూద్దాం. తెరమీద కనపడుతోందా, లేదా?”

“కనపడుతోందండీ.”

“మరింకేం కావాలయ్యా నీకు? పెద్దాయన నా వెనకే నిలబడి చూస్తున్నారు. నొక్కు.”

నొక్కాడు. చుక్క హాయిగా ముందుకు సాగింది. ఐదో రాయి ఉద్యోగి పెట్టె కూడా కూయలేదు. కానీ నాలుగో రాయి దాటిందని చుక్క చెబుతోంది కనుక తన పెట్టెలో బ్యాటరీ అయిపోయిందని ఆయనకు అర్థమైంది. ఆరో ఆయనకు ఆ మాత్రం ఆలోచన కూడా అవసరం కాలేదు. ఎనిమిదో ఆయన గడ్డం గీయించుకుంటూ ఉండి చేతులు ఖాళీ లేక మంగలిచేత నొక్కించాడు. పదకొండో ఆయన సినిమాకు టైమవుతోందని చుక్క రాకముందే నొక్కి వెళ్ళాడు. చుక్క ఆయన మాట కాదనలేక పరుగెత్తి ఆ రాయి చేరుకుంది. ఈ విధంగా తెర మనుషులను నమ్మింది, మనుషులు తెరను నమ్మారు. పరస్పర విశ్వాసం ఈ స్థాయిలో ఉన్న సంస్థ మరొకటి ఉంటే చూపించండి.

పంది మాత్రం మూడో రాయికీ నాలుగో రాయికీ మధ్య ఒక వంపులో ఇరుక్కుని, జిడ్డు పూసుకుని విశ్రాంతి తీసుకుంటోంది. అంచనా వేసిన సమయానికన్నా ముందే అది గమ్యం చేరినట్టు తెర ప్రకటించడం చూసి పెద్ద ఇంజనీరుగారు ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం ఆనందంగా మారిందే గాని అనుమానంగా మారలేదు.

గొట్టం రెండో చివర ఒక ఇనుప తలుపు, దాని చుట్టూ కంచె, కంచెకొక కాపలా మనిషి. బక్కపలచని వాడు, పైగా నడుంనొప్పి. ఇంట్లో గ్యాస్ సిలిండరు భార్యే దొర్లించుకుంటుంది. పంది మధ్యాహ్నం చేరింది, స్వాగత సభ సాయంత్రం. ఈ మధ్యలో అక్కడ ఉన్నది ఆయన ఒక్కడే. ఈ వాక్యం పాఠకులు మరిచిపోయినా ఫరవాలేదు, విచారణ సంఘంవారు మరిచిపోలేదు.

సభలో సంస్థ అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. “కంటికి కనిపించని దాన్ని కనిపెట్టడమే విజ్ఞానం! అడుగడుగునా మన ఉద్యోగులు ఈ సాధనాన్ని కన్నబిడ్డలా కనిపెట్టుకుని వచ్చారు. పదిహేడు మంది, పదిహేడు మంది, ఒక్కరంటే ఒక్కరు పొరబడలేదు. ఇదిగో, ఇప్పుడు మీ కళ్ళెదుట!” అని చెయ్యి చాచారు. తలుపు తీశారు. నల్లటి జిడ్డు కొంచెం కారి ఆయన బూట్ల మీద పడింది. లోపల ఇంకేమీ లేదు. వెనక వరసలో ఎవరో అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి, పక్కవాళ్ళు చూడగానే ఆపేశారు.

మరునాడే విచారణ సంఘం వేశారు. పంది వచ్చిందా రాలేదా అన్న ప్రశ్న మీద సంఘం కాలం వృథా చేయలేదు. వచ్చినట్టు పదిహేడు మంది సాక్ష్యం ఉంది. వచ్చిన పంది లేదంటే ఎవరో ఎత్తుకుపోయారు. అక్కడ ఉన్నది ఒక్కడే కనుక ఎవరన్నది కూడా తేలిపోయింది. ఇక మిగిలింది ఆయన్ని పిలిచి అడగడం.

“పంది ఎక్కడ?”

“రాలేదండీ.”

“రాకపోతే తెరమీదికి ఎలా వచ్చింది?”

“అది తెరనే అడగాలండీ. నేను తలుపు పక్కనే కూర్చున్నాను. గొట్టంలో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.”

“అంటే లోపల లేదని నీకు ముందే తెలుసన్నమాట!”

ఆ తలుపు తాళంచెవి కాపలా మనిషి దగ్గర ఎన్నడూ లేదు. తాళంచెవి లేకుండానే తలుపు తెరిచి, మళ్ళీ అనుమానం రాకుండా మూశాడంటే ఎంత ఆరితేరినవాడో ఊహించుకోవచ్చునని సంఘం అభిప్రాయపడింది. ఎలా తరలించాడన్నది రెండో ప్రశ్న. ఆయన సైకిలు తెప్పించి చూశారు. వెనక క్యారేజీ కొంచెం వంగి ఉంది. మొన్నామధ్య అత్తగారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు వంగిందని ఆయన మొత్తుకున్నాడు. ఆ మాట అత్తగారి చెవిన పడి, ఆవిడ కూతురింటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. సంఘం మాత్రం ఆ మాట చెవిన వేసుకోలేదు.

భార్య ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది. “అయ్యా, మీకు దండం పెడతాను. ఈయన సిలిండరే కదిలించలేరు. అంత యంత్రాన్ని ఎలా ఎత్తుతారు? ఆ గొట్టంలోనే ఎక్కడో ఉండుంటుంది, ఒకసారి వెతికించండి.” సంఘం పెద్దమనిషి సానుభూతితో తల పంకించి, “చూశారా, ఎన్నాళ్ళుగా ఇంట్లో నటిస్తున్నాడో! కట్టుకున్న ఇల్లాలికి కూడా తన బలం తెలియనివ్వలేదు,” అన్నారు.

కాపలా మనిషిని ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. ఇంటి యజమాని గుమ్మంలోకి వచ్చి, దొంగసొత్తు ఉన్న ఇల్లని పేరొస్తే రేపు అద్దెకు ఎవరూ రారని, నెలాఖరుకు ఖాళీ చెయ్యమని మర్యాదగానే చెప్పాడు. టీ కొట్టు దగ్గర ఆయన వెళ్ళి నిలబడితే బల్ల మీది వాళ్ళు సర్దుకుని ఇంకాస్త విశాలంగా కూర్చునేవారు. బావమరిది వచ్చి గొంతు తగ్గించి, “బావా, నాకు నీ మీద అనుమానం లేదు. కానీ మన పేర్లు కలిపి ఎక్కడా చెప్పకు,” అని పోయాడు. పోయిన పంది దొరికితేనే గాని ఆయనకు ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, పరువు లేదు. నమ్మింది ఒక్క భార్యే. “నాకు తెలుసు కదండీ మీ సంగతి,” అని రోజూ అనేది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన రోజులు నెట్టుకొచ్చాడు.

ఇదిలా ఉండగా గొట్టంలో చమురు సరిగా పారడం మానేసింది. పంపు దగ్గరివాళ్ళు ఎంత ఒత్తిడి పెంచినా మూడో రాయి దాటాక నీరసంగా కారుతోంది. లోపల ఏదో అడ్డుపడి ఉంటుందని ఒకాయన అనబోతే, ఏమిటి అడ్డుపడేది అని పెద్ద ఇంజనీరుగారు కళ్ళెర్రజేశారు. చమురు చిక్కబడిందని తేల్చి, గొట్టం శుభ్రం చేయడానికి మరో పందిని పంపమని ఉత్తర్వు ఇచ్చారు. మొదటిదాన్ని వెతకడానికి మాత్రం కాదు. చేరినదాన్ని వెతకడం రికార్డులను అవమానించడమే అవుతుంది.

రెండో పంది బయలుదేరింది. పదిహేడు మందీ ఎప్పటిలాగే నొక్కారు. ఈసారి జాగ్రత్తగా అధికారులందరూ తలుపు ముందే నిలబడ్డారు. కంచె బయట కాపలా మనిషి, ఆయన భార్య. మధ్యాహ్నానికి చేరిందని తెర చెప్పింది, గొట్టం మాత్రం సాయంత్రానికి గాని చెప్పలేదు. దడదడమని చప్పుడైంది. తలుపు తీశారు. ముందు జిడ్డుకొట్టుకుపోయిన పాత పంది వచ్చింది, దాన్ని నెట్టుకుంటూ వెనక కొత్త పంది వచ్చింది.

అందరూ గుడ్లు తేలేశారు. కాపలా మనిషి కంచె పట్టుకుని ఊపేస్తూ, “చూశారా! లోపలే ఉంది! లోపలే ఉందండీ!” అని ఏడుస్తూ నవ్వాడు. ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక్క క్షణం పాటు నిజం గెలిచేట్టే కనిపించింది. అప్పుడు అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

“ఆలోచించండి. ఇన్నాళ్ళూ ఇది లోపలే ఉందంటే పదిహేడు మంది ఉద్యోగుల మాట, తెర మాట, సంఘం మాట, నా మాట అబద్ధం కావాలి. ఒక్క కాపలావాడి మాట నిజం కావాలి. ప్రజాస్వామ్యంలో అది ఎలా కుదురుతుంది?” కుదరదని అందరూ ఒప్పుకున్నారు. “కనుక, విచారణకు భయపడి, దొంగిలించినదాన్ని తెచ్చి గొట్టంలో మళ్ళీ పెట్టేశాడు. ఎత్తుకుపోయినవాడికి తెచ్చి పెట్టడం ఒక లెక్కా? ఆ జిడ్డే సాక్ష్యం. ఏ మురుగుకాలవలోనో దాచి ఉంటాడు. పోనీ, పశ్చాత్తాపపడ్డాడు. సంస్థ పెద్ద మనసు చేసుకుంటుంది.”

తప్పు ఒప్పుకుని సంతకం పెడితే ఉద్యోగం తిరిగి ఇస్తామన్నారు. కాపలా మనిషి పెట్టనన్నాడు. భార్య కూడా, “పెట్టొద్దండీ, ఇల్లు పోతే పోయింది,” అంది. ఇంటి యజమాని ఇల్లు చూపించడానికి కొత్తవాళ్ళను తీసుకొచ్చాడు. వాళ్ళు వంటింట్లో నిలబడి గోడలు కొలుస్తుంటే కాపలా మనిషి వెళ్ళి సంతకం పెట్టాడు. ఆ సంతకం వంకరటింకరగా పడడం నేను చూశాను. చూస్తే ఒళ్ళు మండింది. అయినా ఇది అభినందన వ్యాసం కనుక అక్కడ ఆగడం భావ్యం కాదు.

ఆ తరువాత జరిగిందే అసలు విశేషం. రెండు లారీలు కలిసి లాగలేనిదాన్ని ఒంటిచేత్తో ఎత్తుకుపోయి, కాపలా ఉన్న గొట్టంలో ఎవరికీ తెలియకుండా తెచ్చి పెట్టిన మనిషి తమ వీధిలోనే ఉన్నాడని జనానికి తెలిసింది. టీ కొట్టు బల్ల మీదివాళ్ళు లేచి నిలబడడం మొదలుపెట్టారు. ఇంటి యజమాని కొత్తవాళ్ళను పంపేసి, గోడలకు సున్నం వేయించి, “మీలాంటివాళ్ళు ఉంటే మాకు ధైర్యం,” అన్నాడు. బావమరిది తన ఆఫీసులో ‘మా బావ’ అని పేరుపెట్టి చెప్పుకుని పనులు చేయించుకుంటున్నాడు. అత్తగారు ఒట్టు తీసి గట్టున పెట్టి వచ్చి, అల్లుడికి మారు అన్నం తనే వడ్డించింది. నిజం చెప్పినన్నాళ్ళూ ఎవరూ కూర్చోమనలేదు. దొంగనని సంతకం పెట్టాక ఏ గుమ్మంలోకి వెళ్ళినా కుర్చీ వేస్తున్నారు.

మొన్న భోజనాల దగ్గర భార్య ఆయన వంక అదోలా చూసింది.

“ఏమండీ, ఒకటడుగుతాను, నిజం చెప్పండి. నాకొక్కదానికి చెప్పండి. ఎలా ఎత్తారు?”

ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. “నువ్వు కూడానా? నేను ఎత్తలేదే.”

ఆమె కంచం ముందునుంచి లేచింది. “ఊరందరికీ చెప్పి, సంతకం కూడా పెట్టి, కట్టుకున్నదానికి మాత్రం చెప్పరన్నమాట,” అని కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆమెనేమీ అనకండి. ఆయన ఎత్తలేదని మీకు తెలుసు, నాకు తెలుసు, నొక్కినవాళ్ళకూ తెలుసు. ఇంతమందికి తెలిసిన నిజాన్ని ఇన్నాళ్ళూ పైకి అన్నది ఆమె ఒక్కతే. పక్కన మరొకరం నిలబడి ఉంటే ఆమె ఇంకా అంటూనే ఉండేది.