గురుగ్రహానికి రూట్ మ్యాపు

దీపావళి లోపల మన లైబ్రరీని సౌరకుటుంబం అంచుల దాకా తీసుకుపోతానని చక్రధర్ గారు ప్రకటించారు. ఆ శాఖా గ్రంథాలయ సలహా సంఘానికి ఆయన అధ్యక్షులు. ఏ సభలోనైనా చేతికిచ్చిన కాగితాన్ని చివరిదాకా చదివే నిజాయితీ ఆయనది. అందులో ఏముందో ముందే చూసుకుని, సభికుల కంటే ఎక్కువ తెలుసుకుందామనే స్వార్థం ఆయనకు ఏనాడూ లేదు.

ఆ కాగితం రాసింది లైబ్రేరియన్ ప్రత్యూష. ఎడ్లపాడు పక్క ఊళ్లో ఉన్న ఆ లైబ్రరీకి రోజూ నలుగురు వచ్చేవాళ్లు. నలుగురూ పేపరు కోసమే. పాఠకులు పెరగకపోతే దాన్ని పక్క మండలం లైబ్రరీలో కలిపేస్తామని పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మూసేలోపు ఒక్కసారైనా తనకిష్టమైన పుస్తకాలు తెప్పించాలని ఆమెకు పట్టుదల పుట్టింది. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్‌ల దాకా మనుషులు లేకుండా వెళ్లిన యంత్రాల మీద మంచి పుస్తకాలు కావాలని అర్జీ రాసింది. మంచివంటే ఏమిటో కూడా రాసింది. రంగుల బొమ్మలు చాలవు. యంత్రాన్ని ఎలా చేశారో, దారిలో ఎక్కడ చెడిందో, చెడ్డాక కింద కూర్చున్నవాళ్లు ఏం చేశారో చెప్పాలి.

"ఔటర్ ప్లానెట్స్ మీద పుస్తకాలన్నీ ఈ లైబ్రరీలో పెట్టిస్తున్నా" అని చక్రధర్ గారు చదువుతుండగా మైకు గరగరలాడి, మాటల తోకలు మింగేసింది. వెనక బెంచీలకు "ఔటర్ ప్లాన్... ఈ లైబ్రరీలో" అని మాత్రం స్పష్టంగా వినిపించింది. ఔటర్ రింగ్ రోడ్డు ఎవరి పొలం మీదుగా పోతుందా అని ఆ చుట్టుపక్కల జనం ఏడాదిగా నిద్ర మానుకున్న రోజులవి.

ప్రత్యూషకు ఈ సంగతి తెలియదు. ఆరు వారాలు హైదరాబాదుకూ విజయవాడకూ ఫోన్లు చేసి, పాత పుస్తకాల వాళ్లను బతిమాలి, పదకొండు పుస్తకాలు సంపాదించింది. గురుడి ఫొటో కింద శని అని అచ్చేసిన దాన్ని మాత్రం తిప్పి పంపింది. పుస్తకాలు బీరువాకెక్కిన మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే గేటు ముందు అరవై మంది నిలబడి ఉన్నారు. సంతోషంతో ఆమెకు తాళం తీయడం చేతకాలేదు.

ముందు నిలబడింది ఎరువుల కొట్టు బాలకోటయ్య.

"అమ్మాయ్, ఔటర్ పుస్తకాలు వచ్చినయ్యంటగా."

"వచ్చాయి బాబాయ్ గారూ. గురుడు కావాలా, శని కావాలా?"

"మనకేది దగ్గర?"

"గురుడు. దగ్గరికొచ్చినప్పుడు అరవై కోట్ల కిలోమీటర్లు."

"దగ్గర్దే ఇయ్యి." ఆయన గొంతు తగ్గించాడు. "రూట్ మ్యాపు ఉందా ఇందులో?"

"ఉంది. ముందు శుక్రుడి దగ్గరికి పోయి, మళ్లీ మన దగ్గరికే రెండుసార్లు తిరిగొచ్చి, అప్పుడు గురుడికి."

"ముందుకు పోవాల్సింది ఎనక్కొచ్చిందా?" బాలకోటయ్య తల పంకించాడు. "ఎవరి పొలం తప్పించడానికో."

వెనకున్న రైతు పుల్లయ్య శని పుస్తకం తెరిచి గాభరా పడ్డాడు. "ఒకటే రింగన్నారు గదమ్మా. ఇన్ని ఏస్తన్నారా?"

అప్పటికి ప్రత్యూషకు విషయం అర్థమైంది. నిజం చెబితే జనం పోతారు, వాళ్లతోపాటు లైబ్రరీ పోతుంది. అయినా ఆ సాయంత్రమే బల్ల పక్కన నిలబడి, ఇవి ఆకాశంలో గ్రహాల గురించిన పుస్తకాలనీ, రోడ్డు గురించి కావనీ అందరికీ చెప్పింది.

"నువ్వట్టాగే చెప్పాల తల్లీ. ఉద్యోగస్తురాలివి" అన్నాడు పుల్లయ్య గౌరవంగా.

మర్నాటికి సభ్యత్వాలు మూడు వందలు దాటాయి. పొలం పటాలు పక్కన పెట్టుకుని జనం నెప్ట్యూన్ కక్ష్యను వేలితో కొలుస్తున్నారు. చివరికి చక్రధర్ గారే వెనక గుమ్మంలోంచి వచ్చారు.

"ప్రత్యూషమ్మా, ఔటర్ ప్లాన్ అంట. నాకు చెప్పకుండా ఎట్టా పెట్టావు?"

"మీరే గదండీ సభలో చదివింది."

"చదివింది నేనే. రాసింది నువ్వు. నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నాకిష్టమని రాశాను."

"మీ ఆయన ఏం జేస్తాడు?"

"నడికుడిలో, రైల్వేలో."

చక్రధర్ గారు బీరువా దగ్గరికి నడిచారు. "లైన్లు తెలిసినవాడే" అని, యురేనస్ పుస్తకం కండువా కింద పెట్టుకుని వెళ్లిపోయారు.

నెల తిరిగేసరికి అసలు మ్యాపు పేపర్లో వచ్చింది. రోడ్డు ఆ మండలం వైపే రాలేదు. ఆ పొద్దున ప్రత్యూష వచ్చేసరికి గుమ్మం ముందు పది పుస్తకాలు దొంతరగా పెట్టి ఉన్నాయి. బల్ల మీద పేపర్లు నలుగురి కోసం ఎదురుచూస్తున్నాయి.

పైఆఫీసు మాత్రం సభ్యత్వాల సంఖ్య చూసి ముచ్చటపడింది. లైబ్రరీని కలిపే ఆలోచన మానుకుని చక్రధర్ గారికి ఉత్తమ పఠనోద్యమకారుడిగా శాలువా కప్పింది. తనిఖీ నివేదికలో ఇలా రాసింది: "పది పుస్తకాలు రూట్ మ్యాపు పేజీ తప్ప మరెక్కడా నలగకుండా తిరిగి వచ్చినవి. ఇది పాఠకుల క్రమశిక్షణకు నిదర్శనం. పదకొండవ పుస్తకమును ఒక సభ్యుడు గడువు దాటినా తన వద్దనే ఉంచుకుని, పెన్సిలుతో గీతలు గీయుచున్నట్లు తెలిసినది. ఉద్యమానికి మచ్చ తెచ్చిన సదరు సభ్యునిపై చర్య తీసుకొనవలెను."

నోటీసు మీద చక్రధర్ గారు ఆ శాలువా కప్పుకునే సంతకం చేశారు. ప్రత్యూష దాన్ని పట్టుకుని ఎరువుల కొట్టుకు వెళ్లింది. బాలకోటయ్య గురుడి పుస్తకంలోంచి తలెత్తకుండానే స్టూలు చూపించాడు.

"నోటీసు బాబాయ్ గారూ. అందినట్టు సంతకం పెట్టాలి."

ఆయన చేతిలో పెన్సిలుతోనే సంతకం పెట్టి, కాపీ ఆమెకిచ్చి, నోటీసును పుస్తకంలో తను చదువుతున్న పేజీ దగ్గర గుర్తుగా దూర్చాడు.

"గొడుగు లాగా తెరుచుకోవాల్సిన యాంటెన్నా ఇరుక్కుపోయింది తల్లీ. కిందనుంచి మోటార్లు ఏసి ఆపి, ఏసి ఆపి చానా తిప్పలు పడతన్నారు. తెరుచుకుంటదా?"

ప్రత్యూషకు జవాబు తెలుసు. నోరు తెరవబోయింది.

"చెప్పమాక" అన్నాడు బాలకోటయ్య.

బయట ఎవరో రైతు యూరియా కావాలని కేకేశాడు.

"గురుడి దగ్గరికి చేరినాక రారా" అని ఆయన పేజీ తిప్పాడు.