బీరువాలో కమాను

ఆ ఉదయం ఫిడేలు మాస్టారి పథకం చాలా చిన్నది. మొదటి శిష్యుడు వస్తాడు. పాఠం చెప్పాలి. అతను రేపు కూడా వచ్చేలా చూసుకోవాలి. అంతే.

'మాస్టారు' అన్న పిలుపు కూడా ఆయనకు కొత్తే. నిన్నమొన్నటిదాకా ఒక పాటల బృందంలో ఫిడేలు వాయించేవారు. ముందు నిలబడి పాడేది బృందం నాయకుడు. పోస్టర్ల మీద అతని బిరుదు 'కోకిల'. ఇరవై ఏళ్లు ఆ కోకిల వెనక కుర్చీలో కూర్చున్నాక, ఇక ఊళ్లు తిరగలేననీ ఇంట్లో పాఠాలు చెప్పుకుంటాననీ ఆయన చెప్పేశారు. కోకిల పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నువ్వు పాఠాలు చెప్తావా? ఒకరి వెనక వాయించడం తప్ప నీకేం వచ్చయ్యా? ఆ కుర్చీ ఖాళీగానే ఉంచుతాను. నువ్వే వచ్చి కూర్చుంటావు, చూడు."

ఆ మాట మాస్టారి చెవిలో దోమలా ఉండిపోయింది. ఏమైనా సరే, ఆ కుర్చీలో మళ్లీ కూర్చోకూడదు.

గంట మోగింది. గుమ్మంలో కింది అంతస్తు రిటైర్డ్ ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు. ఫిడేలు పెట్టెను లాఠీలా చంకలో ఇరికించుకుని ఉన్నాడు.

"మాస్టారూ, కాలేజీలో కాస్త నేర్చుకున్నాను, ఉద్యోగం అడ్డొచ్చింది. వచ్చే నెల మా ఆవిడ పుట్టినరోజు. ఆవిడకిష్టమైన పాట ఒక్కటి వాయించాలి. ఒక్కటే!"

"వాయించండి సార్, చూద్దాం."

ఇన్‌స్పెక్టరు కమానుతో తీగల్ని ఒక్క రుద్దు రుద్దాడు. తుప్పు పట్టిన గేటు తెరిచినట్టయింది. సరైన పద్ధతి చూపిద్దామని మాస్టారు తన ఫిడేలు అందుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ముందున్న మనిషి తప్పు చేస్తే సరిదిద్దడం ఆ చేతులకు తెలియదు. కోకిల శ్రుతి జారితే తామూ అటే జారి, తాళం తప్పితే అక్కడే ఆగి, అదంతా ముందే అనుకున్నట్టు వినిపించడమే ఇరవై ఏళ్లుగా వాటి పని. ఇన్‌స్పెక్టరు వేసిన ప్రతి తప్పు స్వరం కిందా అవి మెత్తగా ఒక పరుపు వేశాయి. రెండు ఫిడేళ్లూ కలిసి గది నిండా తేనె పోశాయి.

"ఇది నేనేనా!" ఇన్‌స్పెక్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాదు అనబోయారు మాస్టారు. రేపు కూడా రావాలి కదా.

"బాగుంది సార్," అన్నారు.

ఆ ముక్క కొంప ముంచింది. పాట విన్నవాళ్లు కిటికీలు బార్లా తెరిచారు. మర్నాడు పై అంతస్తు డెంటిస్టు వచ్చింది. వెనకే ఆవిడ ఆడపడుచు. ఆ వెనక కొరియర్ ఆఫీసు మేనేజరు. వారం తిరక్కుండా ఆ మేడలో అందరూ విద్వాంసులైపోయారు.

మాస్టారి భార్య మందుల షాపులో పనిచేస్తుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే ఒక పాఠం విని, శిష్యులు వెళ్లేదాకా ఆగింది.

"ఏవండీ, మీరు వాళ్లకి నేర్పడం లేదు. వాళ్లని కాపాడుతున్నారు."

"రేపట్నుంచి సరిదిద్దుతాను."

"పోయిన వారం కూడా ఇదే అన్నారు."

నిజమే. రోజూ గట్టిగానే అనుకునేవారు. చేతులు వినేవి కావు.

పుట్టినరోజుకు ముందురోజు ఇన్‌స్పెక్టరు ఉరుములా వచ్చిపడ్డాడు. "మాస్టారూ, ఫంక్షన్ ఇంట్లో కాదు, కింద హాల్లో! మా డిపార్ట్‌మెంటు మొత్తాన్ని పిలిచాను. నేనొక్కణ్నే వాయిస్తాను. మీరు ముందు వరుసలో హాయిగా కూర్చోండి."

మాస్టారు ఫిడేలు వైపు చెయ్యి చాపారు. "వెనకాల చిన్నగా నేను కూడా..."

"వద్దంటే వద్దు! అన్నట్టు మీ పాత బృందం నాయకుణ్ని కూడా పిలిచాను. మిమ్మల్ని చూసి మురిసిపోతాడు."

తలుపు మూయగానే మాస్టారు పథకం వేసేశారు. "వేదిక మీద తెర ఉంది. దాని వెనక నించుని వాయిస్తాను. ఎవరికీ తెలీదు."

"అంటే కోకిల వెనక కుర్చీ పోయి ఇన్‌స్పెక్టరు వెనక తెర వచ్చింది," అంది భార్య. "అంతేగా?"

మాస్టారు లేచి, తన కమాను బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

"రేపు నీ కాళ్లు పట్టుకున్నా ఇవ్వకు."

"పట్టుకుంటారా? అయితే తప్పకుండా వస్తాను."

మర్నాడు హాలు నిండిపోయింది. ఇన్‌స్పెక్టరు వేదికెక్కి కమాను లాగాడు. తుప్పు గేటు మళ్లీ తెరుచుకుంది. ముందు వరుసలో మాస్టారి వేళ్లు మోకాలి మీద పరుగులు పెట్టాయి. గొంతులోంచి సన్నగా కూనిరాగం బయల్దేరింది. అది తప్పు స్వరం కిందికి చేరేలోపే భార్య ఆయన కాలు గట్టిగా తొక్కింది.

కూనిరాగం "అబ్బా!"గా ముగిసింది.

ఇన్‌స్పెక్టరు ఆగాడు. ఫిడేలును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాస్టారూ, ఈ చప్పుడు ఎక్కణ్నించి వస్తోంది?"

వెనక వరుసలో కోకిల పళ్లికిలించి ముందుకు వంగాడు. మాస్టారు లేచి నిలబడ్డారు.

"మీ దగ్గర్నుంచే సార్. మొదటి రోజునుంచీ అలాగే వస్తోంది. నేనే కప్పేస్తూ వచ్చాను. చూపుడువేలు కాస్త వెనక్కి జరపండి. మళ్లీ మొదట్నుంచి."

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రలైటయింది. ఉద్యోగమంతా అతను ఇతరుల్ని ఆపాడేగానీ, అతన్ని ఆపినవాళ్లు లేరు.

"ఆయన చెప్పినట్టు చెయ్యండి," అంది పుట్టినరోజావిడ. "ఆ పాటంటే నాకు ప్రాణం. దాన్ని బతకనివ్వండి."

వేలు జరిగింది. ఒక్క స్వరం తేటగా పలికింది.

"మళ్లీ," అన్నారు మాస్టారు. "ఇంకోసారి. ఊహూఁ, తొందరొద్దు."

పాటలో మొదటి లైను దారికొచ్చేసరికి డిపార్ట్‌మెంటు కేకు తినేసి వెళ్లిపోయింది. పుట్టినరోజావిడ మాత్రం చప్పట్లు ఆపలేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు అందరికంటే ముందొచ్చాడు. హాల్లో అంతా విన్న డెంటిస్టూ ఆడపడుచూ మేనేజరూ తలలు వంచుకుని ఒక్కొక్కరే వచ్చారు. అందరూ వెళ్లాక మళ్లీ గంట మోగింది. గుమ్మంలో కోకిల.

"నేను రాను," అన్నారు మాస్టారు, అడక్కముందే. "ఆ కుర్చీలో ఇంకెవర్నైనా కూర్చోబెట్టుకోండి."

"కుర్చీ సంగతి కాదయ్యా. నువ్వెళ్లాక రెండు కచేరీలు చేశాను. నా గొంతు నేనే మొదటిసారి విన్నాను."

"ఎలా ఉంది?"

"అందుకే వచ్చాను." కోకిల చెప్పులు విప్పాడు. "నాకు నేర్పుతావా... నేర్పుతారా, మాస్టారూ?"

మాస్టారు గది మధ్యలోకి ఒక కుర్చీ లాగారు. భార్య తాళంచెవి సంచిలో వేసుకుని షాపుకు వెళ్లిపోయింది. కోకిల గొంతు సవరించుకుని పాట అందుకున్నాడు. మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మేడలో పైనా కిందా కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి.